కథలో ఆ వస్తువు ఎవరి చేతిలో ఉంది?



హైదరాబాదు నుంచి బీజాపూర్ వెళ్ళే రోడ్డు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అప్పా కూడలి దాటి, మొయినాబాద్ మీదుగా, చేవెళ్ళ మీదుగా, మన్నెగూడ దాకా ఆ రోడ్డుకు రెండు వైపులా మర్రిచెట్లు ఉన్నాయి. లెక్కపెట్టినవాళ్ళు 900కు పైనే అన్నారు. నిజాం కాలం నాటివని పెద్దలు చెప్తారు. కొన్నిచోట్ల ఇటు కొమ్మలూ అటు కొమ్మలూ రోడ్డు మీద కలిసిపోయి, మిట్టమధ్యాహ్నం కూడా కింద చల్లగా ఉంటుంది.

ఇప్పుడు ఒక మాట అడుగుతాను. ఈ మర్రిచెట్టును ఎవరైనా ఒక కథలో పెట్టారనుకోండి. ఆ కథలో అది దేనికి గుర్తు?

వెంటనే మనకు ఒక జవాబు తోస్తుంది. నీడకు గుర్తు, పెద్దరికానికి గుర్తు, వేళ్ళూనుకున్న సంప్రదాయానికి గుర్తు. బడిలో అలాగే నేర్చుకున్నాం. కానీ కాస్త ఆగండి. ఆ చెట్టు కింద ఎవరు నిలబడ్డారో చూద్దాం. తలమీద మూట దించుకుని బస్సు కోసం కూర్చున్న ముసలవ్వకు ఆ చెట్టు నీడే. రోడ్డు వెడల్పు కోసం ఈ చెట్లు కొట్టొద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళినవాళ్ళకు అది తాతలు ఇచ్చిపోయిన ఆస్తి. మరి, ఇరుకు రోడ్డు మీద రోజూ భయపడుతూ పోయే బస్సు డ్రైవరుకో? 2025 నవంబరులో ఇదే రోడ్డు మీద, మీర్జాగూడ దగ్గర, ఆర్టీసీ బస్సును కంకర టిప్పరు ఢీకొంది. ఎన్నో ప్రాణాలు పోయాయి. ఆ బస్సులో తమ మనిషిని పోగొట్టుకున్న ఇంటికి వెళ్ళి, రోడ్డు ఎందుకు వెడల్పు కాలేదని అడుగుతున్న తల్లి ముందు నిలబడి, మర్రిచెట్టు చల్లదనానికి గుర్తమ్మా అని చెప్పగలమా?

చెప్పలేం. చెట్టు అదే. దానివైపు చూసే కళ్ళు మారాయి. కళ్ళు మారగానే అర్థం మారింది.

ఈ రోజు నేను మీతో చెప్పదలచుకున్నది ఈ ఒక్క సంగతే. కథలో ప్రతీక అని మనం దేన్ని అంటామో, దాని అర్థం ఆ వస్తువు లోపల దాచిపెట్టి ఉండదు. ఆ వస్తువుతో ఒక మనిషి ఏం చేస్తాడో, అందులో నుంచి పుడుతుంది. అందుకని ముందు వస్తువును వస్తువుగా చూడండి. తర్వాత దాన్ని పట్టుకున్న చేతిని చూడండి. అర్థం ఆ తర్వాత. మళ్ళీ చెప్తున్నాను, గుర్తుంచుకోండి. ముందు వస్తువు. తర్వాత చెయ్యి. ఆ తర్వాతే అర్థం.

చేవెళ్ళ వైపు, మొయినాబాద్ వైపు చదువుకునే పిల్లలతో కథల గురించి మాట్లాడినప్పుడల్లా నాకు ఒకటి కనిపిస్తుంది. కథ చదవకముందే వాళ్ళకు జవాబు తెలిసిపోయి ఉంటుంది. దీపం అంటే జ్ఞానం. పావురం అంటే శాంతి. వాన అంటే కన్నీరు. గైడులో అలా రాసి ఉంటుంది. పరీక్షలో అలా రాస్తే మార్కులు పడతాయి. పిల్లల తప్పేమీ లేదు. కానీ ఆ జవాబు రాసేసిన తర్వాత కథతో పని అయిపోతుంది చూశారా, అదే నాకు బాధ. ఆ కథలో మనుషులు ఉన్నారు. వాళ్ళకు జ్వరాలు వచ్చాయి, అప్పులు అయ్యాయి, ఆకలి వేసింది. ఆ సంగతి ఎవరూ అడగరు.

ఒక కథ తీసుకుందాం. చాసో రాసిన వాయులీనం. చాసో అంటే చాగంటి సోమయాజులుగారు, విజయనగరం ఆయన. చిన్న కథ. కూర్చున్నచోటే చదివేయొచ్చు. అందులో రాజ్యం అనే ఇల్లాలు, ఆమె భర్త వెంకటప్పయ్య. చాలీచాలని సంసారం. రాజ్యానికి పెద్ద జబ్బు చేస్తుంది. మందులకు డబ్బు కావాలి. ఇంట్లో అమ్మడానికి ఏముంది? ఒక వాయులీనం, అంటే వయొలిన్, ఉంది. అది రాజ్యానికి తన తల్లి నుంచి వచ్చింది. భర్త దాన్ని అమ్మేస్తాడు. రాజ్యం బతుకుతుంది. మిగిలిన డబ్బులతో ఆయన ఆమెకు చీర తెస్తాడు. కథ చివర ఆమె ఆ చీరను తన తల్లి పెట్టిన చీర అనుకుంటానంటుంది.

ఇంతే కథ. వాయులీనం దేనికి ప్రతీక అని అడిగితే, కళకు ప్రతీక, పేదరికం కళను మింగేసింది అని రాస్తారు. తప్పు కాదు. కానీ ఆ జవాబుతో రాజ్యం కనిపించకుండా పోయింది. ఇప్పుడు మనం అనుకున్న దారిలో వెళ్దాం. ముందు వస్తువు. అది ఒక నిజమైన వాయులీనం. కర్రతో చేసింది, తీగలు ఉన్నది, బజారులో ధర పలికేది. అన్నిటికన్నా ముందు ఆ ధర గురించి ఆలోచించాలి. ధర పలకకపోతే కథే లేదు. తర్వాత చెయ్యి. ఆ వాయులీనం ఎన్ని చేతులు మారింది? తల్లి చేతిలో నుంచి కూతురి చేతికి. కూతురి చేతిలో నుంచి భర్త చేతికి. భర్త చేతిలో నుంచి కొన్నవాడికి. ఆ తర్వాత అది మందయింది. మందు ప్రాణమయింది. మిగిలింది చీరయింది. ఆ చీర మళ్ళీ రాజ్యం చేతికి వచ్చింది.

ఇప్పుడు రాజ్యం ముఖం చూడండి. ఆమె భర్తను తిట్టవచ్చు. నా తల్లి వస్తువు ఎందుకు అమ్మావు అనవచ్చు. ఏడవవచ్చు. ఆమె ఏం చేసింది? పోయిన సంగీతాన్ని తల్లి ప్రేమగా మార్చుకుని ఒంటికి కట్టుకోవడానికి సిద్ధపడింది. అది ఓదార్పా, ఓటమా, భర్త మనసు కష్టపెట్టకూడదన్న మర్యాదా? నన్నడిగితే మూడూ ఉన్నాయి. చాసో మాత్రం ఒక్కటీ చెప్పడు. రాజ్యం ఒక మాట అంటుంది, కథ ఆగిపోతుంది. మనం అక్కడే కూర్చుండిపోతాం.

గమనించారా? వాయులీనం అర్థం వెతుకుతూ వెళ్ళాం. రాజ్యం అనే మనిషి దగ్గరికి చేరాం. ప్రతీక ఒక పాఠం, పాత్రచిత్రణ ఇంకో పాఠం అని పుస్తకాల్లో విడివిడిగా ఉంటాయి. మంచి కథలో అవి విడిగా ఉండవు. వస్తువు మనిషిని చూపిస్తుంది, మనిషి వస్తువుకు అర్థం ఇస్తాడు.

ఈ మాట ఇంకా తేటగా తెలియాలంటే ప్రేమ్‌చంద్ ఈద్గా చెప్పుకోవాలి. ఆ కథ మనలో చాలామంది బడిలో చదివినదే. హామిద్ అనే చిన్నవాడు. తల్లీ తండ్రీ లేరు. నానమ్మ అమీనా పెంచుతోంది. ఈద్ పండగనాడు వాడి జేబులో మూడు పైసలు. తోటి పిల్లలు మట్టిబొమ్మలు కొనుక్కున్నారు, మిఠాయిలు తిన్నారు. వాడు ఇనుప సామాన్ల దుకాణం ముందు ఆగి ఒక పట్కారు కొన్నాడు. ఎందుకంటే రొట్టెలు కాల్చేటప్పుడు నానమ్మ వేళ్ళు కాలుతున్నాయి.

పట్కారు దేనికి ప్రతీక? ఏ గైడులోనూ పట్కారుకు ప్రతీకార్థం రాసి ఉండదు. పావురానికి ఉంటుంది, దీపానికి ఉంటుంది, పట్కారుకు ఉండదు. అది వట్టి ఇనుప ముక్క. కానీ ఆ పిల్లవాడి చేతిలోకి రాగానే అది ప్రేమ అయింది, త్యాగం అయింది, వయసుకు మించిన పెద్దరికం అయింది. అదే పట్కారును పక్కింటి శెట్టిగారు కొని ఉంటే అది పట్కారుగానే ఉండేది. అందుకే మళ్ళీ మళ్ళీ అంటున్నాను, చేతిని చూడండి.

ఇంకో చిన్న సంగతి. హామిద్ త్యాగమూర్తి అని ప్రేమ్‌చంద్ వాడిని దేవుణ్ణి చేయలేదు. వాడికి కూడా బొమ్మల మీద ఆశ ఉంది. పట్కారు భుజాన వేసుకుని తోటి పిల్లలతో గొప్పలు పోయాడు, వాదించాడు, గెలిచాడు. వాడు పిల్లవాడిగా మిగిలాడు గనకనే నానమ్మ కన్నీళ్ళు మనల్ని తాకుతాయి. పాత్రచిత్రణ అంటే ఇది. మంచివాడిని మంచితనపు బొమ్మగా నిలబెడితే ఆ పాత్రకు ప్రాణం ఉండదు. ఆశ, భయం, గొప్పలు పోవడం, ఇవన్నీ ఉన్న మనిషి ఒక్క క్షణంలో ఏం ఎంచుకున్నాడో చూపించాలి.

ఎంచుకోవడం అన్నాను. పాత్రను అర్థం చేసుకోవడానికి నాకు తెలిసినంతలో ఇదే మంచి దారి. ఆ మనిషి తన గురించి ఏం చెప్పుకుంటున్నాడన్నది ఒకటి. కష్టం వచ్చినప్పుడు ఏం చేశాడన్నది ఇంకొకటి. ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉందో కొలవండి. ఆ దూరంలోనే పాత్ర దొరుకుతుంది.

దీనికి తెలుగులో గాలివానను మించిన ఉదాహరణ నాకు తోచదు. పాలగుమ్మి పద్మరాజుగారి కథ. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక పెట్టిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. అందులో రావుగారు ఒక పెద్దమనిషి. నియమాలు ఉన్నవాడు. ఎప్పుడు ఏం చేయాలో, ఎవరితో ఎంత మాట్లాడాలో, అన్నీ ముందే నిర్ణయించుకున్న మనిషి. ఉపన్యాసం ఇవ్వడానికి రైల్లో వెళ్తున్నాడు. పెట్టెలోకి ఒక బిచ్చగత్తె వస్తుంది. చలాకీ మనిషి. అందరితో నవ్వుతూ మాట్లాడి డబ్బులు రాబట్టుకుంటుంది. రావుగారు మాత్రం ఆమెకు ఏమీ ఇవ్వరు. బిచ్చం వేయడం ఆయన సిద్ధాంతానికి విరుద్ధం.

గాలివాన వస్తుంది. రైలు ఆగిపోతుంది. చీకట్లో, స్టేషనులో, గోడలు కూలుతున్న ఆ రాత్రి, ప్రాణభయంతో వణికిపోతున్న రావుగారికి తోడు దొరికింది ఎవరు? ఆ బిచ్చగత్తే. ఆయన ఆమెను పట్టుకుని ఆ రాత్రి గడుపుతారు. ఆమె ఆయనకు ధైర్యం చెబుతుంది. ఇక్కడ గాలివాన దేనికి గుర్తో వేరే చెప్పాల్సిన పని లేదు. బయట ఇటుక గోడలు కూలాయి, లోపల నియమాల గోడలు కూలాయి. ఇది అందరికీ అందే అర్థమే.

కానీ నన్ను కదిలించే వస్తువు గాలివాన కాదు. రావుగారి పర్సు. తెల్లవారాక ఆమె శిథిలాల కింద చనిపోయి కనిపిస్తుంది. ఆమె చేతిలో రావుగారి పర్సు ఉంటుంది. అంటే ఆయనకు ధైర్యం చెప్పిన మనిషే ఆయన జేబు కూడా కొట్టింది. ఇప్పుడు చెప్పండి, ఆమె మంచిదా, చెడ్డదా? రాత్రి ఆమె చూపించిన దయ అబద్ధమా? దొంగతనం నిజమా? పద్మరాజుగారు రెండూ నిజమే అన్నారు. ఆకలి ఉన్న మనిషి దయ చూపించగలదు, దొంగతనమూ చేయగలదు. ఒకే రాత్రిలో చేయగలదు.

ఇక రావుగారు. నిన్న ఒక్క కానీ కూడా వేయని మనిషి, ఇవాళ ఆ పర్సును ఆమె దగ్గరే వదిలేస్తారు. ఆయన మారారని రచయిత ఒక్క వాక్యం కూడా రాయనక్కరలేదు. పర్సు ఎక్కడ ఉందో చూస్తే చాలు. నిన్న ఎవరి చేతిలో ఉంది, ఇవాళ ఎవరి చేతిలో వదిలేశారు? ముందు వస్తువు. తర్వాత చెయ్యి. ఈ కథ మొదటిసారి చదివినప్పుడు తుపానునే చూస్తాం. రెండోసారి చదివితే పర్సు కనిపిస్తుంది. అందుకే కథలను రెండుసార్లు చదవమంటాను.

ఇప్పుడు మన తెలంగాణ కథల దగ్గరికి వద్దాం. పి.వి. నరసింహారావుగారు ప్రధానమంత్రి అయ్యారని అందరికీ తెలుసు. అంతకు చాలా ముందు, 1949లో, ఆయన కాకతీయ పత్రికలో గొల్ల రామవ్వ అనే కథ రాశారు. నిజాం పాలనపై తిరుగుబాటు జరిగిన రోజులు. పోలీసులు తరుముతున్న ఒక యువకుడు రాత్రిపూట రామవ్వ గుడిసెలోకి వస్తాడు. ఆమె ముసలిది. ఇంట్లో మనుమరాలు ఉంది. పోలీసులు వస్తున్నారు. రామవ్వ ఏం చేసింది? ఆ పిల్లవాడు తన మనుమరాలి మొగుడని చెప్పి పోలీసులను నమ్మించింది. అందుకు మనుమరాలిని కూడా ఒప్పించింది.

పట్నంలో పెరిగిన పిల్లలు ఈ కథ చదివి, అవ్వ తెలివైనది, భలే ఉపాయం వేసింది అంటారు. అంతేనా? మన ఊళ్ళల్లో పెరిగినవాళ్ళకు ఇంకొకటి తెలుసు. వయసులో ఉన్న ఆడపిల్లను ముక్కూ ముఖం తెలియని మగవాడి పక్కన భార్యగా చూపించడం అంటే ఏమిటి? ఆ రోజుల్లో ఆ మాట బయటికి పొక్కితే ఆ పిల్ల బతుకు ఏమవుతుంది? తన దగ్గర ఉన్నదాంట్లో అన్నిటికన్నా విలువైనదాన్ని ఆ అవ్వ ఆ క్షణంలో పణంగా పెట్టింది. భూమి కాదు, మేకలు కాదు, మనుమరాలి పరువు. ఆమె రాజకీయాలు చదువుకోలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. ఆమె ఎవరో తెలుసుకోవడానికి ఆ ఒక్క నిర్ణయం చాలు. ఏ పాత్ర అయినా సరే, ఆ మనిషి ఏం పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డాడో చూడండి. ఆ మనిషి ఎంతటివాడో తెలుస్తుంది.

ఈ కథ చెప్తూ ఇంకొక సంగతి కూడా చెప్పాలి. కథను అర్థం చేసుకోవడానికి మన ఊరి అనుభవం పనికొస్తుంది. పల్లెటూరి పిల్లలు సాహిత్యంలో వెనకబడి ఉంటారని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. రామవ్వ ఏం పణంగా పెట్టిందో పల్లెటూరి పిల్లకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. ఆ పిల్లకు ముందే తెలుసు. ఆ తెలిసినదాన్ని కాగితం మీద పెట్టే ధైర్యం ఇస్తే చాలు.

సురవరం ప్రతాపరెడ్డిగారి మొగలాయి కథల్లో గుమ్మడికాయల కథ ఒకటి ఉంది. గ్యారా కద్దూ, బారా కొత్వాల్. పదకొండు గుమ్మడికాయలు, పన్నెండుగురు కొత్వాళ్ళు. పట్నానికి కాయలు తెచ్చుకున్న పేదవాడి నుంచి అడుగుకొకరు ఒక్కొక్కటి లాక్కుంటారు. పన్నెండోవాడికి కాయ మిగలదు. మరి వాడి కోపం ఎవరి మీద? ఈ గుమ్మడికాయకు అర్థం చెప్పమంటే చేవెళ్ళలో టమాటా పండించి తెల్లవారుజామున మార్కెట్టుకు తీసుకెళ్ళే రైతు పండితులకన్నా ముందు చెప్తాడు. చేతిలో నుంచి చేతికి వస్తువు మారడం అంటే ఏమిటో ఆయనకు రోజూ తెలుస్తూనే ఉంటుంది.

కొన్ని కథల్లో అన్నిటికన్నా పెద్ద ప్రతీక కథ పేరులోనే ఉంటుంది. కాళీపట్నం రామారావుగారి యజ్ఞం అలాంటిది. మనందరం కారా మాస్టారు అని పిలుచుకుంటాం. సుందరపాలెం అనే ఊళ్ళో అప్పల్రాముడి అప్పు మీద పంచాయతీ జరుగుతుంది. ఊరి పెద్ద శ్రీరాములు నాయుడు. ఆయన దుర్మార్గుడు కాదు. ఊరికి మంచి చేశాడని పేరున్నవాడు, న్యాయం తెలిసినవాడు. ఆయన చెప్పిన తీర్పు కూడా పైకి న్యాయంగానే ఉంటుంది. తీసుకున్న అప్పు తీర్చాలి, ఉన్న భూమి అమ్మి తీర్చాలి. అప్పల్రాముడు తల వంచుతాడు. కొడుకు సీతారాముడు వంచడు. భూమి పోతే తన కొడుకు పాలేరు అవుతాడు. పాలేరు కొడుకు పాలేరు. అలా బతకడంకన్నా చావు మేలని, తన బిడ్డను తానే చంపి ఆ సభ ముందు పెడతాడు.

ఈ మాట రేడియోలో చెప్పడమే కష్టం. చదవడం ఇంకా కష్టం. ఇప్పుడు ఆ పేరు చూడండి. యజ్ఞం. హోమగుండం లేదు, నెయ్యి లేదు, మంత్రాలు లేవు. ఉన్నది పంచాయతీ, పెద్దమనుషులు, ధర్మం గురించి మాటలు, చివర ఒక బలి. ఎవరు చేసిన యజ్ఞం ఇది? సీతారాముడు చేసిందా? తెలియకుండానే శ్రీరాములు నాయుడు చేసిందా? ఊరి అభివృద్ధి అని మనం ఎంతో గౌరవంగా పిలుచుకునేదే ఆ యజ్ఞమా? ఈ కథ వచ్చినప్పటి నుంచి తెలుగులో చదువరులు దీని గురించి వాదించుకుంటూనే ఉన్నారు. నా మాట అడిగితే, నాయుడు మంచివాడు కావడంలోనే ఈ కథ బలం అంతా ఉంది. ఆయన చెడ్డవాడైతే మనం ఆయనను తిట్టి పుస్తకం మూసేసేవాళ్ళం. మంచివాడు చెప్పిన మంచి తీర్పు బిడ్డ ప్రాణం తీసింది అంటే, అప్పుడు మనం ఆ తీర్పును, దాని వెనక ఉన్న ఊరిని, అందులో మనల్ని మనం చూసుకోవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఈ దారి పట్టినవాళ్ళు ఒక్కోసారి ప్రతిదీ ప్రతీకే అనుకుంటారు. కథలో కాకి అరిస్తే అర్థం, కుండ పగిలితే అర్థం, చొక్కా తెల్లగా ఉంటే అర్థం. అలా వద్దు. కథలో వాన చాలాసార్లు వట్టి వానే. మరి ఎలా తెలుసుకోవడం? నేను ఇలా చూస్తాను. ఆ వస్తువును కథలో నుంచి తీసేసి చూడండి. కథ ఏమీ మారకపోతే అది అలంకారం, వదిలేయండి. వాయులీనం తీసేస్తే రాజ్యం కథ లేదు. పట్కారు తీసేస్తే హామిద్ కథ లేదు. పర్సు తీసేస్తే రావుగారి మార్పు మనకు తెలియదు. తీసేస్తే కథ కూలిపోయే వస్తువు ఏదో, దాని దగ్గర ఆగండి.

ఇంత చెప్పాక, మన చుట్టూ ఉన్న వస్తువులను కూడా ఒకసారి చూద్దాం. మొయినాబాద్ మండలంలో చిలుకూరు బాలాజీ గుడి ఉంది. కోరిక కోరుకున్నప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108 ప్రదక్షిణలు చేస్తారు. విదేశాలకు వెళ్ళాలనుకునే పిల్లలు ఎక్కువగా వస్తారని వీసా బాలాజీ అనే పేరు కూడా వచ్చింది. లెక్క తప్పకుండా ఒక చిన్న కార్డు పట్టుకుని, ఒక్కో ప్రదక్షిణకు ఒక్కో అంకె మీద గీత పెట్టుకుంటూ తిరుగుతారు. ఆ కార్డు చూడండి. వట్టి అట్టముక్క.

ఇప్పుడు ఊరికే ఊహించుకుందాం. కొడుక్కు వీసా వచ్చింది. వాడు వెళ్ళిపోయాడు. మొక్కు తీర్చడానికి తల్లి ఒక్కతే వచ్చి 108 చుట్లు తిరుగుతోంది. చేతిలో కార్డు, పెన్సిలు. అన్ని అంకెల మీదా గీతలు పడ్డాయి. మొక్కు తీరింది. కానీ ఆమె ఆగలేదు, ఇంకా తిరుగుతోంది. ఎందుకు? ఇంట్లో ఎవరూ లేరనా? కొడుకు తిరిగి రావాలని కొత్త మొక్కు మొదలుపెట్టిందా? లెక్క మరిచిపోయిందా? అదే కార్డు కొడుకు చేతిలో ఉన్నప్పుడు ఆశ. తల్లి చేతికి వచ్చేసరికి ఏమైందో మీరు చెప్పండి. ఆమె మనసులో బాధ ఉంది అని రాస్తే కథ కాదు. ఆమె ఆగకుండా తిరిగింది అని రాయండి, చాలు.

గండిపేట చెరువును, అంటే ఉస్మాన్‌సాగర్‌ను కూడా అలా చూడొచ్చు. 1908లో మూసీ వరద వచ్చాక, పట్నాన్ని కాపాడాలని, నీళ్ళివ్వాలని ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఆ చెరువులను కాపాడడానికి 1996లో 111 జీవో అనే ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. 84 ఊళ్ళల్లో పెద్ద కట్టడాల మీదా, కాలుష్యం చేసే పరిశ్రమల మీదా ఆంక్షలు పెట్టింది. పట్నంలో కుళాయి తిప్పే చేతికి ఆ నీళ్ళు ఒక అర్థం. ఆడపిల్ల పెళ్ళికి ఎకరం అమ్ముదామనుకుని, ఆంక్షల వల్ల సరైన ధర రాక పట్టాకాగితం మళ్ళీ పెట్టెలో పెట్టుకున్న రైతు చేతికి ఆ నీళ్ళు ఇంకో అర్థం. చెరువు నిండిందని సంబరపడే చేపలవాడికి మరొకటి. వీళ్ళల్లో ఎవరిదీ తప్పు కాదు. ఈ ముగ్గురూ ఒకే కట్ట మీద ఒకరికొకరు ఎదురైతే అక్కడ కథ ఉంది. నిజం చెప్పాలంటే, ఆ కథ చదవాలని నాకు చాలా కోరికగా ఉంది.

అందుకే మీకు ఒక విన్నపం. ఇది వింటున్న ఉపాధ్యాయులు ఉంటే, పిల్లలను ఫలానాది దేనికి ప్రతీక అని అడిగే ముందు, ఆ వస్తువు కథ మొదట్లో ఎవరి దగ్గర ఉంది, చివర ఎవరి దగ్గర ఉంది అని అడగండి. ఆ జవాబు ఏ గైడులోనూ దొరకదు, పిల్లలు కథ చదివి తీరాలి. విద్యార్థులు ఉంటే, ఒక కథను రెండుసార్లు చదవండి. మొదటిసారి ఏం జరిగిందో తెలుసుకోవడానికి, రెండోసారి వస్తువును వెతకడానికి. చదువు రాని అమ్మలు, అవ్వలు ఇంట్లో ఉంటే వాళ్ళకు చదివి వినిపించండి. రామవ్వ ఎందుకు అలా చేసిందని వాళ్ళను అడగండి. వాళ్ళు చెప్పేది వినండి.

కథలు ఎక్కడ దొరుకుతాయి అంటారా? కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు. పాత పత్రికల్లో చెల్లాచెదురైన తెలుగు కథలను అక్కడ కూడబెట్టారు. వాటిలో వేల కథలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో కూడా ఉన్నాయి. ఫోను ఉన్న ఎవరైనా చదువుకోవచ్చు. ఈ వారం వాయులీనంతో మొదలుపెట్టండి. అది చిన్న కథ.